మెల్లకన్ను

కబ్బన్‌పేటలో మా మగ్గాలు తూకానికి అమ్మేశాక
ఆ డబ్బుతో ఒక స్కానర్ కొన్నాను,
వాయిదాల మీద ఒక పాత కంప్యూటరు.
యాభై మూడేళ్ళకి
అవెన్యూ రోడ్డులో, పాత పుస్తకాల కొట్టు మీది గదిలో
ఇర్ఫానా దగ్గర పాఠానికి కూర్చున్నాను.
మా చిన్నదానికన్నా రెండేళ్ళు చిన్నది.
"అంకుల్, మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోకండి,
అదేం పారిపోదు" అనేది.
ముప్పయ్యేళ్ళు నాడె విసిరిన చెయ్యి,
దానికి మాత్రం ఏం తెలుసు.

మొదట్లో గీతలు తుడిచాను.
మడత దగ్గర పగిలిన పెళ్ళికొడుకులు,
తేమకు అద్దానికి అతుక్కుపోయిన బారసాలలు,
బూజు పట్టిన ఆకాశాలు.
ఆల్ట్ నొక్కి బాగున్న చోటు చూపించాలి,
చెడిన చోట అద్దాలి,
అంతే, అంది ఇర్ఫానా.
నాకు నవ్వొచ్చింది.
ఇది మా నాన్న చేసిన రఫూనే కదా.
చిరిగిన పట్టుచీరకు
బజారు పోగు ముట్టనిచ్చేవాడు కాదు.
ఆ చీర లోపలి మడతలోంచే లాగాలి.
"దాని ఒంటికి దాని రక్తమే ఎక్కాలిరా."

రెండో నెలలో చెంగమ్మ వచ్చింది,
మార్కెట్ మెట్ల మీద కనకాంబరాలు అమ్మే మనిషి.
ప్లాస్టిక్ కవర్లో, చీటీపాట రసీదుల మధ్య నుంచి
అరచేతిలో సగమంత ఫోటో తీసింది.
"మా అక్క. ఇదొక్కటే ఉంది."
వెండిపురుగు ఎడమకన్ను తినేసి
చెంప మీదుగా దిగి
ఎందుకో ముక్కుపుడక దగ్గర ఆగిపోయింది.

మూడు రాత్రులు కూర్చున్నాను.
కుడికన్ను కోసి, తిప్పి, ఎడమవైపు అతికించాను.
కనుబొమను వెంట్రుక వెంట్రుకగా దిద్దాను.
అడుగున, అంచులో ఏవో చిన్న మరకలుంటే
వేరే లేయర్ వేసి
నాలుగు అద్దుల్లో చీరరంగు కప్పేశాను.
ఇర్ఫానా చప్పట్లు కొట్టింది.

చెంగమ్మ చూసి
"ఎవరీమె?" అంది.

"మా అక్క రెండు కళ్ళతో ఒకేచోటికి ఎప్పుడు చూసిందయ్యా?
ఒకటి నా మీదుంటే ఒకటి పొయ్యిమీది పాల మీద.
పాలు పొంగేవీ కావు,
నాకు బెల్లం దొంగిలించడమూ కుదిరేది కాదు."

స్టూలు లాగి పక్కన కూర్చోబెట్టాను.
నల్లగుడ్డును చుక్క చుక్కగా జరిపాను.
"ఇంకొంచెం బయటికి."
జరిపాను.
"అమ్మో, అంత కాదు, అది మా మేనత్త."
వెనక్కి లాగాను.
టీ వచ్చింది, చల్లారింది.
ఒకచోట ఆమె మాట ఆగిపోయింది.
తెరవైపు కాకుండా
ఒళ్ళోని పూలబుట్టవైపు చూస్తూ
"ఊఁ. చూస్తోంది" అంది.

లేవబోతూ తెర అడుగున వేలు ఆనించింది.
"ఇక్కడ నా వేళ్ళుండాలే?
అక్క చెంగు పట్టుకుని నిలబడ్డాను.
ఫోటో ఆయన పక్కకు తోశాడు,
నేను వదల్లేదు."

మరకలనుకున్నాను నేను.

ప్రతి లేయర్ పక్కనా ఒక బుల్లి కన్ను బొమ్మ ఉంటుంది.
నొక్కితే ఆ పొర మూసుకుంటుంది.
నొక్కాను.
అడుగున ఉన్నాయి, నాలుగు వేళ్ళు,
నువ్వుగింజలంత గోళ్ళతో
చెంగు నలిగేలా పట్టుకుని.

మూడొందలు అడిగాను.
రెండొందలిచ్చి, మూర కనకాంబరాలు కొలిచింది.
ఆమె మూర పొట్టిది.

ఆ రాత్రి
అంతకుముందు బాగుచేసినవన్నీ మళ్ళీ తెరిచాను,
పెళ్ళికొడుకుల్ని, బారసాలల్ని, శుభ్రంగా ఉన్న ఆకాశాల్ని.
పొరలన్నీ కలిపేసి దాచాను కొన్నింటిని,
చోటు కలిసొస్తుందని.
వాటిలో ఒక్కటే కన్ను బొమ్మ మిగిలింది.
అది నొక్కితే
అంతా పోతుంది.