తెరచాప ఇంటెనక కట్టరు

బారువ దాటి ఉత్తరానికి, ఇసుక దిబ్బ మీద
పదకొండు ఇళ్ల పాలెం.
తుఫాను పడగొట్టిన కరెంటు స్తంభం
జీడితోటలో ఇంకా పడుకునే ఉంది,
దాని మీద ఎవరో లుంగీలు ఆరేశారు.
పలాస నుంచి ఆటో కట్టించుకుని వెళ్లాను.
వెనక రెండు పలకలు, గోనెపట్టాలో బ్యాటరీ,
జేబులో టెస్టరు, నోట్లో ఐటిఐ పాఠం.

సూరాడ ఎర్రమ్మ వల కుట్టుకుంటూ తల ఎత్తలేదు.
"ఏటి కావాలో నువ్వే సెప్తావా, నన్నడుగుతావా?"
అడిగాను.
వల దగ్గరొక లైటు. పొయ్యి దగ్గరొక లైటు.
ఫ్యానొకటి, కోడలికి నెలలు నిండాయి.
మరి టీవీ?
"అదెవులికి?"

సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క రాశాను.
ఫ్యాను ఇరవై ఎనిమిది వాట్లు, పది గంటలు.
లైట్లు తొమ్మిదేసి, అయిదు గంటలు.
రాత్రికి మూడువందల డెబ్బై. వెయ్యయితే ఒక యూనిట్టు.
నేను కూడిక పూర్తి చేసేలోపే
ఆమె వేలి కణుపుల మీద ముగించేసింది.
నలభై ఏళ్లు తట్ట నెత్తినెట్టుకుని
సోంపేట సంతలో చిల్లర లెక్కపెట్టిన వేళ్లు అవి.

బ్యాటరీ నిండితే పద్దెనిమిది వందలమ్మా,
కానీ సగానికి మించి తోడకూడదు, పాడవుతుంది, అన్నాను.
ఇది ఎవరికీ ఒక పట్టాన ఎక్కదు.
ఉన్నది వాడుకోకుండా ఉంచుకోవడమేంటని పోట్లాడతారు.
ఎర్రమ్మ సూది ఆపి నా వైపు చూసింది.
"సెలమ అడుక్కంటా తోడితే
ఉప్పునీరొస్తాది. ఆపాటి నానెరగనా?"

పలక దక్షిణం చూడాలి, పందొమ్మిది డిగ్రీల వాలుండాలి.
ఫోను తీసి కోణం కొలుస్తుంటే
చేపలు ఎండేసిన తడిక చూపించింది.
కొలిచాను. ఇరవై ఒకటి.
రెండు డిగ్రీలు తేడా ఉందని నేను అనలేదు.

పక్కింటి కొబ్బరాకు నీడ
మధ్యాహ్నం మూడింటికి పలక మూల మీదకి వస్తోంది.
అరచెయ్యంత నీడ చాలు, పలక సగం పడుకుంటుంది.
కొట్టేద్దామన్నాను.
గురయ్య కత్తి కాదు కదా, మాట కూడా ఇవ్వలేదు.
తుఫాను తర్వాత ఆ వరసలో మిగిలిన చెట్టు అదొక్కటే.
పలకే మూరెడు జరిగింది.

ఇక గాలిమర.
దీనిలో నా తప్పు ఉంది, చెప్పుకోవాలి.
సులువని ఇంటి కప్పు మీదే బిగించాను.
అది తిరిగింది, ఆగింది, తల తిప్పింది,
తాగినవాడిలా ఇటొకడుగు అటొకడుగు.
బ్యాటరీలోకి చుక్క పడలేదు.
వారం పాటు ఒకటికి రెండుసార్లు వైర్లు విప్పాను,
కంట్రోలరు మార్చాను, కంపెనీని తిట్టాను.

ఎర్రమ్మ చుట్ట ఆర్పి అంది,
"ఒరే గుంటడా, తెరసాప ఇంటెనక కడతారేటి?
గోడ తగిలి గాలి సుడి తిరగదా?
సుడిలో పడవెలతాదేటి?"

పుస్తకంలో ఉన్న మాటే అది.
గాలి రెట్టింపయితే బలం ఎనిమిదింతలు,
అందుకే ఎత్తు, అందుకే ఖాళీ.
పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

దానేసు పాత పడవ కొయ్య ఇచ్చాడు.
ఇళ్లకు ముందు, దిబ్బ నెత్తి మీద పాతాం,
నాలుగు వైపులా మోకులు లాగి కట్టాం, పిడుక్కి ఎర్తు దించాం.
ఆ రాత్రి నైరుతి గాలికి
రెక్కలు కనబడటం మానేశాయి.

ఆషాఢంలో మూడు రోజులు ఎండ లేదు.
మూడో రాత్రి ఫోనొచ్చింది,
మాటల వెనక ఫ్యాను చప్పుడు, సన్నగా ఇంకో ఏడుపు.
"ఆడగుంట," అంది ఎర్రమ్మ. "లైటు సాలింది."
ఆ వేళ పలాసలో మా వీధికి కరెంటు లేదు.
చీకట్లో విసనకర్రతో కూచుని
ఇరవై ఎనిమిదిని పదితో
మళ్లీ ఒకసారి హెచ్చవేశాను.

మిగిలిన డబ్బు ఎండు కవ్వళ్లలో ముట్టింది.
టూల్ బ్యాగు ఇప్పటికీ వాసనేస్తోంది.
మూడు నెలలకోసారి వెళ్లాలి,
ఉప్పుగాలికి బోల్టులు తుప్పెక్కుతాయి.
పలక మీది కాకిరెట్ట మాత్రం
పొద్దున్నే ఆమే కడుగుతోంది,
చేపలు కడిగిన నీళ్లతో కాదని
రెండుసార్లు చెప్పాను.