నాలుగు బైట్లు

రాత్రి రెండు. సోహార్ ఎక్స్చేంజ్.
బయట గోడలకు కూడా చెమట పట్టే ఆగస్టు,
లోపల స్వెటర్ వేసుకుని నేను.
నాలుగింటి దాకా మాకిచ్చిన గడువు.
ఆలోగా సొరంగం కట్టాలి.

సొరంగమంటే తవ్వేది కాదు,
పోర్టు మీద రాసే నాలుగు వరుసలు.
చేపల కంపెనీ వాళ్లదీ వంద నంబరు వీల్యానే,
ఆస్పత్రి వాళ్లదీ వందే.
ఎవరింట్లో వాళ్లు పెట్టుకున్న పేరు,
మార్చుకోమనడానికి మనమెవరం?
పైన ఇంకో చీటీ అంటిస్తాం:
చేపలకు రెండువేల పదకొండు,
ఆస్పత్రికి రెండువేల పన్నెండు.
దారిలో స్విచ్‌లన్నీ పై చీటీనే చదువుతాయి.
అవతలి గడప దగ్గర అది ఊడిపోతుంది.
వంద, వందలాగే ఇల్లు చేరుతుంది.

కొత్త పిల్లాడు మహిపాల్‌కి ఇది ఎక్కలేదు.
క్యాంపులో ఇద్దరు రాజలింగాల సంగతి చెప్పాను.
ఒకాయనది మెట్‌పల్లి, షట్టరింగ్ పని.
ఇంకొకాయనది ఆర్మూరు, క్రేన్ కింద జెండా ఊపేవాడు.
ఒక నెల ఆర్మూరు ఆయన ఓవర్‌టైం
మెట్‌పల్లి ఆయన చిట్టీలో కలిసిపోయింది.
తిట్టుకున్నారు, కొట్టుకోబోయారు,
చివరికి ఒకే పళ్లెంలో తిని లెక్క తేల్చుకున్నారు.
ఆ తర్వాతే ఫోర్‌మన్
టోపీల మీద రంగుతో అంకెలు రాయించాడు.
"అంటే పేరు పోలేనట్టే గదన్నా?"
పోలేదురా. గేటు దగ్గర అంకె,
గదిలో రాజలింగం.
గదికి చేరేసరికి పిలిచేవాళ్లంతా నిద్రపోయి ఉంటారు,
అది వేరే సంగతి.

రెండూ నలభై. ఇబ్రీ వైపు సాలిమ్ లైన్లో ఉన్నాడు.
పింగ్ కొట్టాం.
పోయింది, వచ్చింది. పోయింది, వచ్చింది.
వందకు వంద.
"మబ్రూక్" అన్నాడు సాలిమ్.
నేను టీ ఫ్లాస్కు మూత తిప్పాను.

అప్పుడు ఆస్పత్రి నుంచి ఫోను.
ఇబ్రీలో తీసిన ఎక్స్‌రే ఇక్కడ తెరుచుకోవడం లేదట.
పేరొచ్చింది, వయసొచ్చింది,
బొమ్మ రాలేదు.

ఎర్ర దీపం లేదు. ఫిర్యాదు చేసే ఒక్క వరుసా లేదు.
తెలిసిన జబ్బే.
చిన్నవి దూరిపోతాయి, పెద్దవి రాలిపోతాయి
చప్పుడు లేకుండా.
మేమంటించిన చీటీ బరువు నాలుగు బైట్లు.
దారిలో ఏదో పాత స్విచ్
పదిహేను వందల మీద ఒక్కటి ఎక్కువైనా
తల తగిలే గుమ్మంలా ఆపేస్తోంది.

స్వరూపతో ఫోన్లో నేను మాట్లాడేదీ ఇంతే కదా అనిపించింది.
తిన్నవా. తిన్న.
పైసలు ముట్టినయా. ముట్టినయ్.
వందకు వంద.
పోయిన నెల ఏదో పెద్ద మాట మొదలుపెట్టి
"ఏం లేదు తియ్" అంది.
అది ఎక్కడ రాలిపోయిందో
నేను వెతకనే లేదు.

ఇక్కడ మాత్రం వెతికాను.
పెద్ద పొట్లం కట్టి, ముక్కలు చేయొద్దని చెప్పి,
ఒక్కో స్విచ్ దాకా పంపుకుంటూ పోయాను.
యన్కుల్ కొండ పక్క, మూడోది.
గుమ్మం ఎత్తాలంటే దాన్ని ఆర్పి వెలిగించాలి.
సాలిమ్ బిస్మిల్లా అన్నాడు.
నేనేమీ అనకుండా ఎంటర్ కొట్టాను.
ఆరు నిమిషాలు
చేపలూ లేవు, ఆస్పత్రీ లేదు,
ఏసీ హోరు ఒక్కటే.

మూడూ యాభై ఒకటికి ఆస్పత్రి మళ్లీ మోగింది.
బొమ్మ తెరుచుకుంది. మణికట్టు, రెండు చోట్ల విరిగింది.
ఎవరిదని మహిపాల్ అడగబోయాడు,
వద్దన్నట్టు చెయ్యి ఎత్తాను.
లోపలి చీటీ మనది కాదు.

ఊళ్లో ఐదూ ఇరవై దాటి ఉంటుంది.
నంబరు నొక్కి ఫోన్ చెవిన పెట్టుకున్నాను.
మహిపాల్ లాగ్‌బుక్ తెరిచి
కారణం అన్న గడిలో ఏం రాయాలని అడిగాడు.
నాలుగు బైట్లు అని రాయ్, అన్నాను.
అటు రింగవుతోంది.