చెవిన వేసే పని

ఉదయం ఐదూ నలభై.
కాఫీ పొయ్యి మీద గొంతు సవరించుకుంటోంది.
కిటికీ బయట కైనూ అడవులు, మైనస్ ఇరవై ఆరు.
నేను కబురు రాస్తున్నాను, అరవై ఒక్క మందికి.
ఇల్లిల్లూ తిరిగి గాయాలు కడిగేవాళ్లకు,
ఇన్సులిన్ వేసేవాళ్లకు,
వాచిన కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగేవాళ్లకు,
ఒంటరి ముసలాయన గడ్డం గీసి
వాతావరణం మీద రెండు మాటలు చెప్పి
మళ్లీ బండెక్కేవాళ్లకు.

"ఐదో నంబరు దారిలో మంచు తోసే బండి ఇంకా రాలేదు.
చేతితొడుగుల పెట్టెలు గురువారానికి వస్తాయి.
ఫ్లూ టీకా వేయించుకోనివాళ్లు కైసు దగ్గర పేరివ్వండి.
తాళాల గుత్తి పోగొట్టుకున్నవారెవరో చెప్పండి, తిట్టం."

పంపుతాను.
తెర మీద ఒక్కో పేరు పక్కన ఒక్కో టిక్కు:
అందింది. అందింది. అందింది.
నా జీతం ఆ టిక్కులకే.

పోయిన జనవరిలో
అందడమంటే ఏమిటో నాకు తెలియదని తేలింది.

తుయిరే మా దగ్గర పదకొండేళ్లుగా నర్సు.
ప్రతి మంగళవారం నలభై రెండు కిలోమీటర్లు నడిపి
ఉర్హో కాలి పుండుకు కట్టు మార్చేది.
పుండు మానలేదు,
ఆయన మాటలూ మానలేదు.
ఎల్క్ దుప్పుల గురించి, చచ్చిపోయిన పడవ ఇంజను గురించి,
ఆమె తప్పుగా కట్టిన కట్టు గురించి.

సోమవారం రాత్రి ఉర్హో పోయాడు.
మా వ్యవస్థకు మర్నాడు తొమ్మిదీ పన్నెండుకు తెలిసింది.
తుయిరే జాబితాలో ఒక గడి బూడిదరంగుకు మారింది:
సందర్శన రద్దు.
పక్కన టిక్కు.

ఆసుపత్రికి పిలిపించారు కాబోలు అనుకుందట.
ఎలాగూ దారేగా,
యాలకుల రొట్టె గుమ్మంలో పెట్టి పోదామని మలుపు తిరిగింది.
అప్పుడప్పుడే తెల్లారుతోంది.
వాకిట్లో స్తంభం మీద
జెండా సగం దాకా దిగి ఆగిపోయి ఉంది.

ఇక్కడంతే. ఎవరూ గుండెలు బాదుకుంటూ ఎదురురారు.
పొరుగాయన లేచి, గడ్డకట్టిన తాడు ముడి పళ్లతో విప్పి,
నీలి సిలువ గుడ్డను కొసదాకా లాగి
మళ్లీ కొంచెం కిందికి దించుతాడు.
దారినపోయే ప్రతివాడికీ పేరు పెట్టి చెప్పినట్టే.

మధ్యాహ్నం ఆమె ఆఫీసుకొచ్చింది.
అరవలేదు. బూట్ల చుట్టూ మంచు కరిగి మడుగైంది.
రొట్టె నా బల్ల మీద పెట్టి ఒక్కటే అంది:
"నువ్వు తెలియజేశావు. చెప్పలేదు."

చావు కబురు చల్లగా చెప్పినా సరిపోయేది.
నేను రద్దు చేశాను.

రొట్టె రెండ్రోజులు అలాగే ఉంది.
మూడో రోజు కైసు కోసింది. యాలకులు ఎక్కువయ్యాయి.
ఎవరం ఆ మాట అనలేదు.

ఐదూ నలభై కబురు ఇప్పటికీ రాస్తాను,
మంచు, తొడుగులు, తాళాలు.
గడి బూడిదైన రోజు మాత్రం ఫోను చేస్తాను.
ఒక్కో ఫోనుకు నాలుగు నిమిషాలు, ఒక్కోసారి ఇరవై.
దీన్ని ఏ పద్దు కింద రాయాలని మేనేజరు యార్మో అడిగాడు.
ఇంకా వెతుకుతున్నానన్నాను.
అతనూ మళ్లీ అడగలేదు.

"ఎక్కడున్నావు?" అంటాను.
"బండి పక్కకు తియ్యి."
అంతలోనే అవతల ఊపిరి మారుతుంది.
అక్కడ మలుపు దీపం కొట్టుకుంటుంది,
టిక్కు, టిక్కు, టిక్కు,
చక్రాల కింద మంచు నలుగుతుంది.

ఆ చప్పుడు ఆగేదాకా
ఏమీ మాట్లాడను.