మూడో గడి

ములుగు బస్సు దిగి మూడు మైళ్లు నడిచేసరికి
మంచు ఇంకా నీళ్ల మీదే ఉంది.
నా మెడలో బైనాక్యులర్, చేతిలో లెక్కల కాగితం.
పిట్టల మొండయ్య చెవి మీద బీడీ.

వందల్లో బాతులు.
అన్నీ మచ్చమూతివేనా అన్నాను. నవ్వాడు.
"గవి మేపుడు బాతులు సారూ,
వరికోతలైనంక లారీల దిగినయి.
మనది తుంగల ఉంటది, మందల కలువది.
ముక్కు జూడు, నలుపు.
కొస పసుపుల ముంచి తీసినట్టు.
మొదట్ల రెండు కుంకుమ సుక్కలు.
లేస్తే రెక్కల పచ్చ మెరుస్తది,
గప్పటికి నీకు ఆల్శమైనట్టే."

ఎట్లా తెలుసని అడగలేదు. తనే చెప్పాడు:
తాత ఉచ్చులు పేనేవాడట,
హనుమకొండ అంగట్లో ఆ చుక్కలకే
జతకు రెండు రూపాయలు ఎక్కువట.
"ధర కోసం నేర్సిన సదువు" అని
కట్ట కింద ఉమ్మేశాడు.

తుంగ కదిలింది.
తల్లి, విరగని రెక్కను విరిగినట్టు ఈడ్చుకుంటూ
మమ్మల్ని అటు పిలిచింది.
"దొంగది," అన్నాడు మురిపెంగా, "పిల్లలు ఇటున్నయి."
ఏడు.
కాదు, ఎనిమిది;
ఆఖరుది ఆకు కింద ఆగి ఆగి వచ్చింది.
చేపల కాంట్రాక్టరు తుంగంతా కోయమన్నా
మొండయ్య కొడవలి ఈ మూలకొచ్చేసరికి
మొండికేస్తుంది, రెండేళ్లుగా.

జాతి రాశాను. సంఖ్య రాశాను.
మూడో గడి మీద అతని వేలు పడింది.
"యాడని రాయకు."

తిరుగు బస్సులో కండక్టరు: "యాడెక్కినవ్?"
ములుగులో అన్నాను,
పదిహేను రూపాయలు ఎక్కువిచ్చి.