సగం వేలిది, సగం స్ప్రింగుది

మార్చి నెల. బ్రెకన్ పోలీస్ స్టేషన్లో
ముందు గది బల్ల నాది.
నా ముందు ఒక నీలం ప్లాస్టిక్ తొట్టె,
గోడ మీద ఒక జాబితా:
ఇకనుంచి ఇంట్లో సొరుగులో కూడా
ఉండకూడని కత్తులు.

పొద్దున్నే ఒకావిడ వచ్చింది.
కొడుకు పరుపు కింద దొరికిందట,
రుమాల్లో చుట్టి తెచ్చింది.
నేనేమీ అడక్కముందే ఏడ్చింది.
రుమాలుతో సహా తొట్టెలో వేసి
రుమాలు కోసం వెనక్కి రాలేదు.

ఆ తర్వాత ఇద్వల్ ప్రోసర్.
నా మాస్కు దాటుకుని
ముందు గొర్రెల వాసన వచ్చింది, వెనక మనిషి.
కోటు ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి
పిన్నీసు పెట్టుకున్నాడు.
గడ్డిమోపులు కట్టే యంత్రం, తొంభై ఎనిమిదిలో.
నేనడగలేదు.
అందరూ అడుగుతారు గనక తనే చెప్పేశాడు.

కత్తి బల్ల మీద పెట్టాడు.
అరచేతిలో ఇమిడిపోయేది.
పిడికి పసుపు టేపు చుట్టాడు,
గడ్డిలో జారిపడితే కనబడాలని.

"ఇదీ తప్పేనా?"

బొత్తాం నొక్కితే తెరుచుకునేది
మా నాన్న పుట్టకముందే తప్పయింది.
వేలితో కాస్త కదిపితే
మిగతాది లోపలి స్ప్రింగు చూసుకునేది
ఇప్పుడు తప్పయింది.
నాకు నేర్పిన వాక్యం అది, అలాగే అప్పజెప్పాను.

అతను తెరిచి చూపించాడు.
బొటనవేలు గోరంత దూరం నడిచింది,
ఆపైన అలుగు తనే పరిగెత్తింది.
"ఎక్కడిదాకా నేను, ఎక్కణ్ణుంచి అది?
నేను తోసినంత మేర మంచివాణ్ణే కదమ్మా?"

వెనకాల సార్జెంటు దగ్గాడు.

వల కంచెలో గొర్రెపిల్ల మెడ ఇరుక్కుంటే
దాన్ని మోకాళ్ల మధ్య అదిమిపట్టి
ఉన్న ఒక్క చేత్తో
జేబులోంచి తీయాలి, తెరవాలి, తాడు కొయ్యాలి.
ఈ మూడూ అయ్యేదాకా
అది ఊపిరి బిగబట్టి ఉంటుందా?
ఇది అతను అడగలేదు,
రాత్రి గిన్నెలు తోముతుంటే నాకే తట్టింది.

అప్పుడు మాత్రం కాగితం చూసి చదివాను:
మూడంగుళాల లోపుది, మడతపడేది,
తెరిచాక బిగుసుకోనిది అయితే
ఎందుకని ఎవరూ అడగరు, నిక్షేపంగా ఉంచుకోవచ్చు.
"దానికి గోటిగాడి ఉంటుంది," అన్నాడు.
"ఒక చేత్తో పిడి పట్టుకుని
రెండో చేతి గోటితో లాగాలి."
రెండో చేతి దగ్గర అతను ఆగలేదు.
నేనే ఆగాను.

చట్టం మీద నాకు కోపం లేదు.
ఆవిడ రుమాలూ ఇతని పసుపు టేపూ
ఒకే తొట్టెలో ఒకదాన్నొకటి తాకుతున్నాయి.
తూకం వెయ్యమంటే నావల్ల కాదు.
నా పని అంకె వేసి సంచి అంటించడం.

"వెల?"
"ఇరవై రెండు పౌండ్లు."
"మొత్తం ముప్పై దాటితేనే పరిహారమండీ."
నవ్వాడు, కళ్లలో కనబడింది.
"చెయ్యికి ఇంతకంటే ఎక్కువే ఇచ్చార్లే."

సంతకం పెడుతుంటే కాగితం జారింది.
మూల నేను అదిమి పట్టుకున్నాను.
ఆ సంతకానికి అలా
రెండు చేతులు కుదిరాయి.

మే నెలలో సంతలో కనబడ్డాడు.
ఎండ, బురద, వేలంపాటగాడి కేకలు.
దాణా సంచి మూతి తాడు కొయ్యాలి.
జేబులోంచి కొత్త కత్తి తీశాడు,
చిన్నది, బుద్ధిమంతమైనది, గోటిగాడి ఉన్నది.
గాడి దగ్గర పళ్లతో పట్టుకుని
పిడిని కిందికి లాగాడు.
నన్ను చూసి, అలుగు పళ్ల మధ్య ఉండగానే
తల ఊపాడు.

ముందు పన్ను ఒకటి కొస విరిగి ఉంది.
ఎప్పటిదో, ఎలా విరిగిందో.
ఆవేళ స్టేషన్లో
అతని మూతికి మాస్కు ఉంది.