హోల్డాన్

డాక్టరు ఫిల్మును వెలుతురుకేసి పట్టి
"నాలుగోది, అయిదోది రాసుకుంటున్నాయమ్మా" అన్నాడు.
నాకైతే అందులో వెన్నెముక కనబడలేదు,
మద్దిలపాలెం డిపోలో మూలన పడేసిన బండి ఇరుసు కనబడింది.
మందులు నెల, యోగా రోజూ అని రాసిచ్చాడు.

ఇరవై రెండేళ్లు నిలబడి ఉద్యోగం చేసినదాన్ని
కూచోడం నేర్చుకోడానికి
ఎనిమిది వందలు కట్టాను.

ముందు రోజు రాత్రి మడమలు రాయి పెట్టి తోమాను.
పగుళ్లలో హనుమంతవాక దుమ్ము కొంత,
ఎన్ఏడీ దుమ్ము కొంత.
తోమితే పోయేది కాదు.
కాలి వేళ్లకి గోరింటాకు పెట్టుకుందామా అనుకుని
పెళ్లికా ఏటి, అని నాకు నేనే నవ్వుకున్నాను.

పూర్ణా మార్కెట్లో గులాబీ రంగు చాప తొమ్మిది వందలట.
ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త టైరు వాసన.
చుట్టి వాడి చేతికే ఇచ్చేసి
ఇంట్లో ఉన్న ఈతాకు చాప దులిపాను.
ట్రాక్ ప్యాంటు మాత్రం
పక్క పోర్షను దేముడమ్మ కూతురు ఇచ్చింది, కబడ్డీ ఆడేది.
తొడ మీద ఏడో నంబరు.
అద్దంలో చూసుకుంటే
చీరలో ఇన్నాళ్లూ దాచుకున్న రెండు కాళ్లు
ఎవరివో అన్నట్టున్నాయి.

ఖాళీ కడుపుతో రమ్మన్నారు.
చద్దన్నం గిన్నె మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాను.
ఉల్లిపాయ అలిగినట్టు పక్కన కూచుంది.

లాసన్స్ బే కాలనీలో మూడంతస్తుల పైన డాబా.
సముద్రం వైపు కాళ్లు చాపుకుని జనం.
అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టాను.
నాతో పదిహేను.

టీచరు ప్రణవి. నా సర్వీసంత వయసుంటుంది.
"ఊపిరి తీసుకోండి" అంది.
ఇన్నాళ్లూ తీసుకోలేదా ఏటి?
తీసుకునే ఉంటాను,
కాన్వెంట్ జంక్షన్లో పొగతో పాటు,
ఎవరి చంకో మొహానికి ఆనుతుంటే
సగం సగం, చిల్లర ఏరుకున్నట్టు.
"ఇప్పుడు... హోల్డ్" అంది.
నా నోట్లోంచి వచ్చేసింది, గొంతెత్తి,
"హోల్డాన్!"

డాబా అంతా ఆగింది.
కింద వీధిలో పాల ఆటో కూడా ఆగింది, ఒట్టు.

పక్క చాప మీద పెద్దాయన ఒక కన్ను తెరిచి
"సింహాచలం బండిలో మీరే కదూ?
మూడు రూపాయలు రావాలి నాకు.
టిక్కెట్టు వెనక రాసిచ్చారు" అన్నాడు.
గవర్రాజు గారట.
ఏ ఏడాదో గుర్తు లేదట, మూడు రూపాయలు గుర్తుంది.

ఒంటికాలి మీద నిలబడమన్నప్పుడు
అందరూ ఊగారు. బ్యాంకులో చేసినావిడ గోడ పట్టుకుంది.
నేను ఊగలేదు.
మలుపులో నలభై మందితో బండి ఒరిగినప్పుడు
ఒక చేత మిషను, ఒక చేత నోట్లు,
నడుం ఒక్కటే కడ్డీకి ఆనించి నిలబడ్డదాన్ని.
కదలని నేల ఏపాటి?
"ఇంతకు ముందు చేశారా?" అంది ప్రణవి.
"రోజుకి మూడు ట్రిప్పులు" అన్నాను.

చిక్కంతా పడుకోమన్నప్పుడు వచ్చింది.
వెల్లకిలా. అరచేతులు పైకి.
అన్నీ వదిలెయ్యండి అంది.
ఎడం చెయ్యి బ్యాగు కోసం వెతుక్కుంటోంది.
కుడి బొటనవేలు లేని మిషను నొక్కుతోంది.
ఇలా రెండు చేతులూ ఖాళీగా ఆకాశానికి చూపించి
ఎప్పుడైనా ఉన్నానా,
లెక్క తప్పి కౌంటరు ముందు
నలభై రెండు రూపాయలు తక్కువొచ్చిన రోజు తప్ప?

అలలు వినిపించాయి.
బీచ్ రోడ్డు మీద వేలసార్లు తిరిగి
సముద్రాన్ని ఎప్పుడూ ఇంజను కింద నుంచే విన్నాను.
వస్తోంది. ఆగుతోంది. పోతోంది.
ఎవరూ విజిలు వెయ్యడం లేదు.
ఒళ్లు ఒక్కో స్టాపులో దిగుతోంది.
ముందు భుజాలు, తరవాత నడుం,
ఆఖర్న దవడలు.
అవి ఇన్నాళ్లూ బిగించి ఉన్నాయని
నాకు తెలీనే తెలీదు.

గురక పెట్టానట. చెప్పులేసుకుంటూ గవర్రాజు గారే చెప్పారు.
పర్సులోంచి మూడు రూపాయలు తీసిచ్చాను.
లెక్కపెట్టుకుని మరీ జేబులో వేసుకున్నారు.

ఎనిమిదింటికి చీర మీద ఖాకీ కోటు.
జగదాంబలో జనం తోసుకుని ఎక్కారు.
రైట్ అనబోయి, ఆగాను.
అద్దంలోంచి డ్రైవరు సన్యాసిరావు
"ఏటక్కా, రైటు మర్చిపోనావా?"
"ఉండెహె," అన్నాను,
"ఊపిరి లోపలికి తీస్తన్నాను."