పధ్నాలుగో తారీఖు లేని దారి

సాంటియాగో నుంచి ఆక్లండ్‌కి
తొమ్మిదివేల ఆరువందల డెబ్బై కిలోమీటర్లు.
పోవడానికి పదమూడు గంటలు,
రావడానికి పదకొండే.
సముద్రం అదే, దూరం అదే,
పడమటి గాలికే పక్షపాతం.

రాత్రిళ్లు ఆ గాలిని లెక్కకట్టడం నా ఉద్యోగం.
ఎన్ని టన్నుల ఇంధనం, ఎంత ఎత్తు,
మంచుఖండం వైపు ఎంత వంగి పోవాలి.
గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే తెలుస్తుంది,
పటంలో తిన్నగా కనపడేది దగ్గరి దారి కాదని.

ఎర్మీందా కీలపాన్ నాకు జాబితాలో ఒక పేరు.
ఏటా ఆగస్టు పదమూడు, రాత్రి పదకొండున్నర విమానం,
కిటికీ సీటు, సామాను లేదు.
ఆక్లండ్‌లో ఆమెకెవరూ లేరట,
గేటు దగ్గర పనిచేసే యస్నా చెప్పింది.
పగలంతా అక్కడి విమానాశ్రయంలోనే కూచుని
సాయంత్రం తిరుగు విమానం ఎక్కేస్తుందట.
పెళ్లిగౌన్లకు పూసలు కుట్టి
ఏడాది పొడుగునా కూడబెట్టిందంతా
దానికే.

ఒకరాత్రి పనిలేక లెక్క వేశాను.
పదమూడు రాత్రి ఎక్కితే
దిగేది పదిహేను తెల్లవారుజామున.
మధ్యలో సూర్యుడు లేడు, ఒకటే చీకటి.
దినరేఖ దగ్గర పధ్నాలుగు
తెగిన చొక్కా గుండీలా సముద్రంలో పడిపోతుంది.
తిరిగొచ్చేటప్పుడు పదిహేను రెండోసారి వస్తుంది,
ఎక్కిన వేళకన్నా ఐదు గంటలు ముందే దిగుతాం.
చిల్లర సరిపోతుంది.
ఏం రోజది అని
నేనెవర్నీ అడగలేదు.

ఈ ఏడు పొగమంచు.
రన్‌వే మీద మూడో దీపం తర్వాత ఏమీ లేదు.
పదకొండున్నరని పన్నెండుంబావు చేశాను,
తర్వాత రెండు చేశాను.
మంచుదే తప్పు. రాసిన చెయ్యి మాత్రం నాది.

మెట్లు దిగి గేటు దగ్గరికి పోయాను.
మా గదిలోంచి ఎవరూ అట్లా దిగరు.
గోడగడియారం పన్నెండు కొట్టలేదు, ఊరికే చూపించింది.
ఆమె పక్క కుర్చీలో సంచి తీసి
ఒళ్లో పెట్టుకుంది,
ఎవరో వచ్చి కూచుంటారన్నట్టు.

మంచు ఎప్పుడు విడుతుందని అడగలేదు.
"ఎంత దూరం?" అంది.
అంకె నోటిదాకా వచ్చింది, మింగేశాను.
"దూరమే. ఎదురుగాలి కూడా."

చాలాసేపటికి,
"ఎలిసేయో. పదకొండేళ్లు.
ఈత వచ్చు వాడికి," అంది.

మిషన్ కాఫీ రెండు కప్పులు తెచ్చాను.
ఒకటి ఆమెకిచ్చి
రెండోది పట్టుకుని నిలబడే ఉన్నాను.
ఆ ఖాళీ కుర్చీలో కూచోబుద్ధి కాలేదు.

రెండింటికి మంచు పలచబడింది, పిలిచారు.
వరస కదిలింది, యస్నా చెయ్యి చాపింది.
ఎర్మీందా నా వైపు తిరిగి
తెముకో బస్సు ఎన్నింటికని అడిగింది.
ఆరింటికి మొదటిది, అన్నాను.
ఆరువందల ఎనభై కిలోమీటర్లు, ఎనిమిది గంటలు.
వాళ్ల ఏరు అక్కడికి ఇంకా ఎంతో
నాకు తెలీదు.

పైకొచ్చి కాగితం మీద
ఒక మనిషి బరువు తీసేసి
మళ్లీ సంతకం పెట్టాను.